రెండో కాలం మనుషులు

ఆ రోజుల్లో మా ఇంట్లోకి ఏది రావాలన్నా స్నానం చేసి రావాల్సిందే. పాల ప్యాకెట్లకు సబ్బునీళ్లు, బంగాళాదుంపలకు ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్లు, అట్టపెట్టెలకు బాల్కనీలో ఒక పూట ఎండ. చట్టం చేసింది నేను, అమలు చేసేది మా అత్తమ్మ. కరోనా వచ్చిన తొలి ఏప్రిల్ అది. మ్యూనిక్ మొత్తం తలుపులేసుకుని కూర్చుంది. మాలాంటి భయస్థులు తలుపుకి గొలుసు కూడా బిగించారు, వైరస్ ఏదో తోసుకుని వచ్చేస్తుందన్నట్టు.

మా అత్తమ్మ పేరు భానుమతి. మనవరాలిని చూసి పోదామని జనవరిలో హన్మకొండ నుంచి వచ్చారు. మార్చి నెలాఖరుకి తిరుగు టికెట్. విమానాలు ఆగిపోయాయి, ఆవిడ మా దగ్గర ఆగిపోయారు. నాది తెనాలి. కాబట్టి పప్పుచారులో పులుపు ఎంత ఉండాలన్నది మా వంటగదిలో రోజూ తేలని తగువు. మా ఆయన ఈశ్వర్‌ది గార్చింగ్‌లో ఉద్యోగం. ల్యాబ్ మూసేస్తే పడకగదిలో కూర్చుని పనిచేసేవాడు. మా గొంతులు కాస్త పెరగగానే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకునేవాడు. అలాంటి మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక మా ఈషా. ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మాటల పుట్ట. బస్సెక్కితే డ్రైవర్‌తో మొదలుపెట్టి చివరి సీటు దాకా పలకరించుకుంటూ పోయే పిల్ల. బడి మూసేసి వీడియో క్లాసులు మొదలుపెట్టిన తొలిరోజే ఆ పుట్టకి మూత పడింది. పడేసింది ఎవరో కాదు, మా అత్తమ్మే. పిల్ల క్లాసులో నిలబడి, సారీ, కూర్చుని, తన కుందేలు బొమ్మ గురించి చెబుతోంది. మైకు తెరిచి ఉంది. వంటగదిలోంచి అత్తమ్మ గట్టిగా, అంటే వరంగల్ బస్టాండులో వినబడేంత గట్టిగా, "ఈషా బిడ్డా! కడుపు సాఫైందా? నిన్నట్సంది పోనే లేదు!" అని అరిచారు.

క్లాసులో ఒక్కరికీ అర్థం కాలేదు. కానీ ఓ కుర్రకుంక "సాఫైందా, సాఫైందా" అని ఆ పలుకును అలాగే పలికాడు. అందరూ నవ్వారు. పిల్ల కెమెరా ఆపేసింది, మైకు ఆపేసింది. అంతే. ఆ తర్వాత మా ఈషా అంటే తెర మీద పేరు రాసిన నల్ల చదరం ఒకటి. పిలిస్తే చాట్‌లో 'యా' అని, అంటే అవునని, రాస్తుంది. ఇంట్లో కూడా ఏం అడిగినా "వైస్ నిష్ట్" అంటుంది, నాకు తెలీదు అని. నాకు ఎంత దిగులుగా ఉండేదంటే, పాత రోజుల్లో 'కాస్త ఊపిరి తీసుకోవే తల్లీ' అని దాన్ని కసిరినందుకు నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపించేది.

ఆ నెలాఖర్లో వాళ్ల టీచర్ ఫ్రావ్ హోల్ట్‌సర్ ఫోన్ చేసింది. మంచావిడే, కానీ ఈ దేశపు మంచివాళ్లు చెప్పాల్సింది సూటిగా చెప్పేస్తారు. "ఈషా అసలు నోరు తెరవడం లేదు. ఎంత అర్థమవుతోందో నాకు తెలియడం లేదు. వచ్చే ఏడు కూడా మూడో తరగతిలోనే ఉంచితే మేలేమో, ఆలోచించండి. బలవంతం ఏమీ లేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నోట్లోంచి తెనాలి వచ్చేసేదే, జర్మన్‌లో తిట్లు సరిగా రావు కాబట్టి ఆగాను.

ఆవిడే మళ్లీ అంది. "ఒక మ్యూజియం వాళ్లు పిల్లల ఇళ్లకు పెట్టెలు పంపుతున్నారు. ఇంట్లోనే తవ్వకాలు చెయ్యొచ్చు. వారమంతా తవ్వి, ఆ శుక్రవారం ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ రోజు ఈషా మాట్లాడితే, నేనీ మాట అన్లేదనుకోండి."

ఆ మ్యూజియం ఊరి చివర చిన్నది. అమెరికా నైరుతి మూల ఎడారిలో, ఎత్తైన కొండల అరల్లో రాతి ఇళ్లు కట్టుకున్న ప్యూబ్లో పూర్వీకుల గురించి వాళ్లొక ప్రదర్శన పెట్టబోయారు. కరోనా వచ్చి తలుపులు మూతపడ్డాయి. జనం మ్యూజియానికి రాలేకపోతే మ్యూజియమే జనం దగ్గరికి పోవాలని ఈ పెట్టెల ఉపాయం ఆలోచించారు. ముందుగా ఒక రంగుల పుస్తకం పంపారు. అది చదివిన రోజు రాత్రి భోజనాల దగ్గర మా పిల్ల తనంతట తాను నోరు విప్పింది.

"మమ్మీ, వాళ్లు టర్కీ కోళ్లు పెంచుకునేవాళ్లు. తినడానికి కాదు. ఈకలతో దుప్పట్లు!"

"గట్లనా! చలికాలం కోళ్లకెట్ల మరి?" అని అత్తమ్మ అడిగారు. ఈషా నవ్వింది. మళ్లీ ఈకలొస్తాయని చెప్పింది. నిచ్చెనలెక్కి ఇంటి కప్పులోంచి లోపలికి దిగుతారని, మక్కలు, అదే మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండిస్తారని, మట్టిని తాడులా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, బొటనవేలితో నొక్కుకుంటూ కుండలు చేస్తారని చెప్పింది. ఈశ్వర్ హెడ్‌ఫోన్స్ తీసి విన్నాడు. నేను అన్నం కలపడం మర్చిపోయాను. ఈ పెట్టె మీదే నా ఆశంతా అని ఆ రాత్రి అర్థమైంది.

పెట్టె శుక్రవారం పగలు వచ్చింది. సోమవారం దాకా ఎవరూ తెరవొద్దని, అందరు పిల్లలూ ఒకేసారి మొదలుపెట్టాలని దాని మీద పెద్దక్షరాల్లో రాసి ఉంది. రాసింది జర్మన్‌లో. అందుకున్నది అత్తమ్మ. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఈశ్వర్ పిల్లని తీసుకుని ఈజార్ నది వైపు సైకిళ్ల మీద పోయాడు.

మీటింగు అయ్యాక టీ పెట్టుకుందామని వచ్చాను. బాల్కనీలో పాత చీర పరిచి ఉంది. దాని మీద వడియాలు ఆరబెట్టినట్టు ఇసుక పలచగా పరిచి ఉంది. పక్కన నీళ్లోడుతున్న పిండి జల్లెడ. పళ్లెంలో, తళతళా కడిగిన కుండ పెంకులు. బకెట్ అడుగున ఎర్రమట్టి బురద.

"అత్తమ్మా! ఏంటిది?"

"ఏందే మీనా, గట్ల అరుస్తున్నవ్? నీకే వచ్చింది డబ్బ. ఎవలో కుండ పంపిన్రు. తొవ్వల పలిగినట్టున్నది. మనకు కనబడొద్దని మన్ను పోసి కప్పెట్టిన్రు! ఎంత చాల్‌బాజోళ్లు సూడు." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "ఏం ఫికర్ చెయ్యకు. ఉప్పు, పసుపు ఏసి మంచిగ కడిగిన. ఇసుక జల్లించిన. రాళ్లు తీసేసిన. నడిమిట్ల బూడిద సుత ఉండె, నల్లగ మాడిన మక్క గింజలుండె. అవి పారవోసిన."

"ఎక్కడ పారపోశారు?"

"బూడిద నీళ్లల్లనే పాయె. గింజలు కింద చెత్తడబ్బల ఏసిన. ఇందాకనే బండొచ్చి తీస్కపోయింది."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. పెట్టెలోని కాగితం తీసి చదివితే ఇంకా నీరసం వచ్చింది. పైన గాలికి కొట్టుకొచ్చిన ఇసుక. దాని కింద పొయ్యి బూడిద, మాడిన మక్కలు. అడుగున ఎర్రమట్టి నేల, దాని మీద బోర్లాపడి పగిలిన కుండ. ఆ పొరలే అసలు సంగతట. 'వస్తువు కన్నా అది ఎక్కడ పడి ఉందో ఆ చోటు ముఖ్యం. చోటు చెడితే మళ్లీ రాదు' అని కింద గీత గీసి మరీ రాశారు. ఎనిమిది వందల ఏళ్ల ఇంటిని మా అత్తమ్మ పసుపునీళ్లతో కడిగి ఆరేశారు.

ఆ పెట్టె సంగతేమిటో, దాని మీద ఏం ఆధారపడి ఉందో ఆవిడకి చెప్పాను. టీచర్ ఫోన్ సంగతి కూడా, అప్పటిదాకా దాచింది, చెప్పేశాను. అత్తమ్మ మొహం చిన్నబోయింది.

"నా మాట మూలంగనేనా పిల్ల నోరు మూసుకున్నది?"

ఆవిడ బకెట్ వైపు చూశారు. తర్వాత కొంగు నడుముకు దోపారు. "లే. ఏడ్చుడు తర్వాత. ఎట్లున్నదో గట్లనే జేసి పెడదాం. కాయితం సదువు" అన్నారు.

మ్యూజియానికి ఫోన్ చేస్తే మూసి ఉందన్న మాట రికార్డులో వినబడింది. ఈశ్వర్‌కి ఫోన్ చేసి పిల్లని ఇంకో గంట బయటే తిప్పమన్నాను.

"వాన వచ్చేలా ఉంది మీనా."

"తడవండి!" అని పెట్టేశాను.

ఇక ఆ మధ్యాహ్నం మేం చేసిన పని గురించి ఏం చెప్పను! ఇసుక ఆరడానికి హెయిర్ డ్రయర్ పట్టాను. బూడిదకి దిక్కులేదే అనుకుంటుంటే అత్తమ్మ దేవుడి అలమర దగ్గరికి పోయి, అగరుబత్తుల కింద నెలరోజుల బూడిద ఉన్న ఇత్తడి పళ్లెం పట్టుకొచ్చారు. "దేవుడేం అనుకోడు, పిల్ల కోసమే గదా" అన్నారు. నేను పాప్‌కార్న్ గింజలు పెనం మీద నల్లగా మాడ్చాను. మాడుతూ ఒకటి టప్పున పేలి నా చెంప మీద తగిలింది. అడుగు మట్టిని అత్తమ్మ చపాతీ పిండిలా పిసికి, పెట్టె అడుగున పరిచి, బొటనవేలితో అంచుల వెంబడి నొక్కారు. పెంకులు పట్టుకుని తిప్పి చూసి ఆవిడ ముచ్చటపడ్డారు కూడా.

"అచ్చం సకినాల లెక్కనే సుట్టిన్రే! ఏలు ఎంత ఒద్దికగ పెట్టిందో సూడు ఆ తల్లి."

"అది నమూనా అత్తమ్మా. ఇక్కడే ఎవరో చేశారు."

"నమూనకైనా ఏలు పెట్టాలె గదనే."

నేను స్కేలు తీసుకుని ఒక్కో పొర మందం కొలిచి, చెంచాతో బూడిద వేసి, చెంచా వెనక్కి తిప్పి సాపుచేశాను. నాలుగేళ్లుగా కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించేదాన్ని నేను, వంకర అంటే పడదు. అత్తమ్మ పట్టుకుని, నేను వేసి, ఒకరినొకరు "మెల్లగా మెల్లగా" అనుకుంటూ, పప్పుచారు తగువు కూడా గుర్తురానంత బుద్ధిగా పనిచేశాం. నా పెళ్లయిన పదేళ్లలో మేమిద్దరం అంత ఒక్క మాట మీద ఉన్న పూట అదే. మూత పెట్టి, టేపు అతికించి, చీర దులిపి, టీ కప్పులు పట్టుకుని ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చున్నాం. తండ్రీకూతుళ్లు నిలువునా తడిసి వచ్చారు.

"పెట్టె వచ్చిందా!" అని ఈషా గంతేసింది.

"ఇప్పుడే వచ్చింది" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఈశ్వర్ మా ఇద్దరి వైపూ మార్చిమార్చి చూశాడు. ఆ ఒకేసారి మాటకే అతనికి అనుమానం వచ్చిందని తర్వాత చెప్పాడు.

సోమవారం ఈషా తన గదిలో పాత దుప్పటి పరిచి, చిన్న కుంచె పట్టుకుని మొదలుపెట్టింది. తలుపు మూసుకుంది. మేం తలుపు బయట చెవులు పెట్టుకుని నిలబడ్డాం. చప్పుడు లేదు. మంగళవారం బయటికొచ్చి పోపులపెట్టె అడిగింది. ఆవాలెలా ఉంటాయో చూడాలట. "చూడు తల్లీ, చూడు" అన్నాను. వాళ్ల కాలంలో ఆవాలుండేవేమో అనుకున్నాను. బుధవారం దేవుడి అలమర దగ్గర నిలబడి చాలాసేపు గాలి పీల్చింది. భక్తి కలిగిందని అత్తమ్మ మురిసిపోయారు. గురువారం ఆడుకునే మెత్తటి మట్టి ముద్ద తెచ్చి, "బాపమ్మా, నీ బొటనవేలితో ఇక్కడ నొక్కు" అంది. అత్తమ్మ నొక్కారు. ఆవిడ కుడి బొటనవేలి మీద కత్తిపీట కోసిన పాత మచ్చ ఒకటి అర్ధచంద్రంలా ఉంటుంది. పిల్ల ఆ ముద్దని అరచేతిలో పెట్టుకుని జాగ్రత్తగా లోపలికి తీసుకుపోయింది.

"మాట్లాడతావా రేపు?" అని ఆ రాత్రి అడిగాను, గొంతులో ఆత్రం తెలియకుండా.

"వైస్ నిష్ట్" అంది. నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఐదు. ఈషా టేబుల్ ముందు కూర్చుంది. కెమెరా ఆపి ఉంది, నల్ల చదరం అలాగే ఉంది. నేను పక్కన గోడకానుకుని నిలబడ్డాను, తెరలో పడనంత దూరంలో. అత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ వీడియో క్లాసు జరిగే గదిలోకి ఆవిడ ఆ తొలిరోజు తర్వాత అడుగు పెట్టలేదు. మ్యూజియం తరఫున యోనాస్ అనే కుర్ర పురావస్తు పరిశోధకుడు వచ్చాడు. న్యూమెక్సికో నుంచి లోరెన్ అనే ఆవిడ కూడా వీడియోలో చేరింది. ఆవిడ ప్యూబ్లో మనిషే, కుండలు చేస్తుంది. అక్కడ పొద్దున తొమ్మిది. కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఇంగ్లీషులో చెబితే యోనాస్ జర్మన్‌లో చెప్పాడు.

"మా వాళ్లు ఆ కొండల్లోంచి మాయమైపోయారని చాలామంది చెబుతారు" అంది లోరెన్. "మాయమైతే ఇప్పుడు మీతో మాట్లాడేది ఎవరు? మేం ఇల్లు మారాం, అంతే. మా ఊరి దారికి కూడా ఇప్పుడు అడ్డం పెట్టాం, మా పెద్దవాళ్లకి జబ్బు రాకుండా. బయటి వాళ్లెవరూ రావడానికి లేదు. అందుకే నేనిలా వచ్చాను." తర్వాత ఒక కుండ చూపించింది. పాత పెంకుల్ని పొడి చేసి కొత్త మట్టిలో కలుపుతామని, అప్పుడు కొత్త కుండ కాల్చినా పగలదని చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తమ్మకి నేను గొణిగి చెబితే, "తోడు పెట్టినట్టే గదా" అని గుసగుసగా అన్నారు.

పిల్లలు ఒక్కొక్కరే చెప్పారు. అందరూ ఇసుక, బూడిద, మక్కలు, కుండ. ఒకడు కుండని సగం అతికించి చూపించాడు. 'సాఫైందా' అన్న కుర్రాడు తన బూడిదని తమ్ముడు తినబోయాడని చెప్పాడు. చివరికి ఫ్రావ్ హోల్ట్‌సర్ "ఈషా?" అంది.

ఏమీ లేదు. నల్ల చదరం. పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పర్లేదు, తర్వాత రాసి పంపినా..." అని టీచర్ మొదలుపెట్టింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

ఈషా మైకు నొక్కింది. కెమెరా నొక్కింది. గొంతు సవరించుకుంది.

"నా పెట్టెలో రెండు కాలాలున్నాయి" అంది. "మొదటిది ఎనిమిది వందల ఏళ్ల కిందటిది. దాని గురించి మీరందరూ చెప్పేశారు. రెండోది పోయిన శుక్రవారానిది."

నేను గోడకి ఇంకాస్త అంటుకుపోయాను.

"ముందు ఇసుక. కాగితంలో చిన్న రాళ్లుంటాయని ఉంది. నా ఇసుకలో ఒక్క రాయి లేదు. అన్నీ ఒకే సైజు. అంటే జల్లెడ పట్టారు. గాలికి జల్లెడ ఉండదు." తెర మీద పిల్లలు ముందుకు వంగారు. "తర్వాత బూడిద. వాసన చూడండి, ఓ, మీరు చూడలేరు. గంధం వాసన వస్తుంది. మా దేవుడి దగ్గర వచ్చే వాసనే. మక్కల్లో ఒకటి సగం పాప్‌కార్న్ అయింది." పట్టకారుతో ఆ గింజని కెమెరాకి దగ్గరగా పెట్టింది. యోనాస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మట్టి నేలలో ఇది దొరికింది. ఆవగింజ. పెంకు అంచున పసుపు రంగు ఉంది. కడిగినా పోదు, నా తెల్ల చొక్కా మీది కూడా పోలేదు. ఇంకోటి, పొరలన్నీ తిన్నగా ఉన్నాయి. నేను కొలిచాను. వాళ్లు స్కేలు వాడారు."

ఈశ్వర్ ఎప్పుడొచ్చాడో నా పక్కన నిలబడి, నవ్వాపుకోలేక నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలని ఉంది. ఎగిరి గంతెయ్యాలనీ ఉంది. నా పిల్ల మాట్లాడుతోంది! మమ్మల్ని బజారుకీడుస్తూ మాట్లాడుతోంది, ఈడ్చనీ!

"రెండో కాలం మనుషులు ఇద్దరు" అంది ఈషా. "ఒకరికి శుభ్రం ఎక్కువ. ఒకరికి స్కేలు ఎక్కువ. మొదటి మనిషి ఎవరో నాకు రుజువుంది." మట్టి నేల ముక్క ఒక చేతిలో, మెత్తటి ముద్ద ఇంకో చేతిలో పట్టుకుంది. రెండింటి మీదా అర్ధచంద్రం. తర్వాత కుర్చీలోంచి లేచి, గుమ్మం వైపు తిరిగి, తెలుగులో, మైకు తెరిచే ఉండగా, "బాపమ్మా! జర ఇటు రా!" అని అరిచింది.

అత్తమ్మ నా వైపు చూశారు, పోలీసులు పిలిచినట్టు. నేను పొమ్మన్నాను. ఆవిడ కొంగు నిండా కప్పుకుని కెమెరా ముందుకొచ్చారు. ఈషా ఆవిడ బొటనవేలు పట్టుకుని అందరికీ చూపించింది. "ఇది మా బాపమ్మ" అంది జర్మన్‌లో. ఈసారి కూడా పిల్లలు నవ్వారు, కానీ ఒకడు "నిజం డిటెక్టివ్!" అన్నాడు. చూస్తే ఆ 'సాఫైందా' కుర్రాడే.

లోరెన్ తన బొటనవేలు కూడా కెమెరా ముందు పెట్టింది. మట్టి నొక్కీ నొక్కీ ఒక పక్కకి వంగిపోయి ఉంది. అత్తమ్మ దాన్ని చూసి, "మంచి పనిమంతురాలు" అని నమస్కారం పెట్టారు. తర్వాత లోరెన్ అడిగింది, యోనాస్ తర్జుమా కూడా అవసరం లేకుండా మెల్లగా, తేలిక ఇంగ్లీషులో. "ఈషా, పాత ఇంట్లో ఏం జరిగిందో చెప్పావు. ఎందుకు జరిగిందంటావు? వాళ్లు అదంతా ఎందుకు చేసి ఉంటారు?"

ఈషా కాసేపు పెట్టెలోకి చూసింది. ఇది మాత్రం ముందుగా అనుకోలేదని తెలుస్తూనే ఉంది.

"ముందు పొరపాటున కడిగేశారు" అంది. "తర్వాత భయపడ్డారు." ఆగింది. "ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండి ఉంటుంది. ఎవరూ వాళ్ల కోసం వాళ్లు మన్నుని చెంచాతో పొరలు పొరలుగా వెయ్యరు."

ఫ్రావ్ హోల్ట్‌సర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈషా, ఐదు నిమిషాలన్నాను. నువ్వు అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడావు" అంది. "నాలుగో తరగతిలో టైం చూసుకుని మాట్లాడటం నేర్చుకుందాం."

నాలుగో తరగతిలో! నేను ఈశ్వర్ చొక్కా పట్టుకుని మొహం అందులో పెట్టేసుకున్నాను. ఇన్ని వారాల దిగులూ ఆ చొక్కా మీదే పోయింది. అతను నా వీపు నిమిరాడు. ఆ రోజుకి హెడ్‌ఫోన్స్ నేరం మాఫ్ చేశాను.

అత్తమ్మ ఇంకా కెమెరా ముందే కూర్చుని ఉన్నారు. జర్మన్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందరి మొహాలూ చూసి నా వైపు తిరిగారు.

"ఏమన్నదే పిల్ల? మనల్ని పట్టిచ్చింది, గది సమజైంది. ఆఖరుకేమన్నది?"

నేను గోడ దగ్గరి నుంచే చెప్పాను, ఒక్కో ముక్కా. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండి ఉంటుందట అని. ఎవరూ వాళ్ల కోసం వాళ్లు మన్నుని చెంచాతో వెయ్యరట అని.

అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఈషా బిడ్డా, ఆ మైకు జర బంద్ జెయ్యి. నేను ఏడ్వాలె."

"బంద్ చెయ్యను బాపమ్మా" అంది ఈషా. "ఏడువు."